బండికి పరస్థానం

శనాదివారాలు వచ్చాయంటే ఉదయలక్ష్మికి మొగుడి కాళ్ళు తప్ప మిగతా మనిషి కనపడడు. ఆ కాళ్ళు రెండూ గరాజ్‌లో బండి కింద నుంచి బయటికి చాపుకుని ఉంటాయి. తక్కిన శాల్తీ అంతా లోపలే. "ఏవండీ, కాఫీ" అంటే ఒక కాలు ఊగుతుంది. అదే జవాబు.

ముందు ఐదుగురు కూర్చునే చోటు, వెనక సామాను పడేసే తొట్టి ఉన్న పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి అది. ఈ దేశంలో దాన్ని యూట్ అంటారు. విజిటర్ వీసా మీద కూతురి దగ్గరికి మెల్బోర్న్ శివారు క్రెయిగీబర్న్ వచ్చిన మంగతాయారుకి మాత్రం అది లారీయే. "మా అల్లుడుగారు లారీ కింద ఉన్నారే" అని ఆవిడ ఒకసారి ఫోన్లో చెల్లెలికి చెబితే, అవతల తెనాల్లో ఆ చెల్లెలు గొల్లుమన్నంత పని చేసింది.

ఆ అల్లుడు భానుప్రసాద్‌కి బండి మీద అంత మోజెందుకంటే, దాని వెనక హేమచంద్ర ఉన్నాడు. ఇద్దరూ ఒకే విమానంలో చదువుకోవడానికి వచ్చారు. ఒకే గదిలో, ఒకే పరుపు మీద వంతులేసుకుని పడుకున్నారు. ఆ రోజుల్లో డొక్కు కారైనా, కుళాయైనా, ఎదురింటివాడి సైకిలైనా బాగుచేసేది భానుప్రసాదే. "వీడి చేతిలో ఏదో ఉందిరా బాబూ" అని నలుగురికీ చెప్పుకు తిరిగింది హేమచంద్రే. తర్వాత హేమచంద్ర సాఫ్ట్‌వేర్‌లో పైకెళ్ళాడు, పాయింట్ కుక్‌లో ఇల్లు కట్టాడు, కొత్త సెవెన్ సీటర్ కొన్నాడు. భానుప్రసాద్ గిడ్డంగిలో సూపర్‌వైజర్‌గా ఆగాడు. స్నేహం అలాగే ఉంది గానీ, వేళాకోళంలో ఎక్కడో చిన్న ముల్లు మొలిచింది. మొలిపించినవాడికి ఆ సంగతి తెలియదు, గుచ్చుకున్నవాడు చెప్పడు.

ఈ చలికాలం మౌంట్ బుల్లర్ వెళ్దాం, మంచులో స్కీయింగ్ నేర్చుకుందాం అన్నప్పుడు కూడా అదే అయింది. "అందరం నా కార్లో పోదాంరా. మీ తాతగారికి కొండలూ గుట్టలూ ఎందుకు, ఇంటి దగ్గర రెస్ట్ తీసుకోనీ" అన్నాడు హేమచంద్ర. తాతగారంటే బండి. భానుప్రసాద్ నవ్వాడు, నవ్వి, "నా బండే వస్తది. కొండెక్కించి చూపిస్తా" అన్నాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. ఇక ఆ నెలంతా వారాంతాలు ఉదయలక్ష్మికి కాళ్ళే మిగిలాయి.

బయల్దేరే శనివారం పొద్దున ముందు చక్రాలకి బ్రేక్ ప్యాడ్లు మారుస్తున్నాడు. అది ముందురోజే అయిపోవాల్సిన పని, డ్యూటీ వల్ల కుదరలేదు. కుడిది అయింది. ఎడమ చక్రం తిరిగి ఎక్కిస్తుండగా మంగతాయారు శాలువా కప్పుకుని గరాజ్‌లోకి వచ్చింది.

"బాబూ, తొమ్మిదింటికి రాహుకాలం వస్తోంది. మెల్బోర్న్ టైముకే చూశాను, ఇండియాది కాదు. మీరేమో పదింటికి బయల్దేరతామంటున్నారు."

"హేమా వాళ్ళొచ్చేసరికి పదవుతుంది అత్తయ్యగారూ, ఏం చేస్తాం?"

"ఏం చేస్తామేంటి, పరస్థానం చేస్తాం."

దుర్ముహూర్తంలో బయల్దేరక తప్పదన్నప్పుడు పెద్దవాళ్ళు కనిపెట్టిన ఉపాయం అది. మంచి గడియలోనే పెట్టో బుట్టో తీసుకెళ్ళి పక్కింట్లో పెడితే, ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క. తర్వాత ఎప్పుడు వెళ్ళినా దోషం ఉండదు.

"సరే, ఆ నీలం సూట్‌కేస్ పక్కింటి వాళ్ళ గుమ్మంలో పెట్టి రమ్మనండి ఉదయని" అన్నాడు భానుప్రసాద్ నట్టు తిప్పుతూనే.

"చాల్లెండి సంబడం! కొండెక్కేది సూట్‌కేసా, లారీయా? లారీనే గుమ్మం దాటించాలి. ఇంకెంతో టైం లేదు, కానివ్వండి."

చక్రం బిగించడానికి ఒక వరస ఉంది. చక్రం గాల్లో ఉండగా నట్లు ఊరికే చిన్న పానాతో పట్టించాలి. జాకీ దించి, చక్రం నేల మీద ఆనాక, పొడుగు పిడి ఉన్న టార్క్ రెంచితో 'టక్' మనేదాకా ఒక్కొక్కటీ బిగించాలి. భానుప్రసాద్ నట్లు పట్టించాడు. జాకీ దించాడు. పైన అత్తగారు "అయ్యో, అయిపోతోంది, అయిపోతోంది" అంటూ పురిటి గది బయట తిరిగినట్టు తిరుగుతోంది. టార్క్ రెంచి చేతిలోకి తీసుకున్నవాడు ఆవిడ మొహం చూసి, విసుక్కుని, దాన్ని కింద పెట్టాడు. బయట పెట్టాక బిగించొచ్చులే అనుకున్నాడు. చక్రం మూత తట్టి, బండి స్టార్ట్ చేసి, పక్కింటి ముందు కాలిబాట పక్కన ఆపాడు.

ఇక అక్కడ జాతరే. చక్రానికొకటి చొప్పున నిమ్మకాయలు పెట్టించింది మంగతాయారు. కర్పూరం వెలిగించింది. కొబ్బరికాయ కొట్టించింది. చెత్త డబ్బా లోపలికి తీసుకెళ్తున్న పక్కింటి ముసలాయన ఆగి, చెయ్యెత్తి, శభాష్ అన్నట్టు "గుడ్ ఆన్ యా" అన్నాడు. బండి ముందుకీ వెనక్కీ కదిలితే నిమ్మకాయలు పచ్చడయ్యాయి. సరిగ్గా అప్పుడే, చెప్పిన టైముకంటే చాలా ముందు, హేమచంద్ర కారు హారన్ కొడుతూ సందులోకి తిరిగింది. ఉప్మాలు, టీలు, పులిహోర డబ్బాలు, దుప్పట్లు, చేతి తొడుగులు, హేమచంద్ర కూతురు సంహిత కేరింతలు, ఈ గోలలో గరాజ్ షట్టర్ కిందికి దిగిపోయింది. టార్క్ రెంచి లోపలే నేల మీద ఉండిపోయింది.

"పాత రూలేరా" అన్నాడు హేమచంద్ర బయల్దేరేముందు. "అద్దంలో వెనకోడు కనపడకపోతే ముందోడు ఆగాలి."

విద్యార్థులుగా ఉన్నప్పుడు రెండు డొక్కు కార్లలో సముద్రం ఒడ్డు దారంట పోతుంటే, వెనకున్న భానుప్రసాద్ కారు ఆగిపోయింది. హేమచంద్రకి చాలాదూరం వెళ్ళేదాకా తెలియలేదు. వెనక్కొచ్చి చూస్తే వీడు వానలో తడుస్తూ నిలబడి ఉన్నాడు. ఆనాడు పెట్టుకున్న రూలది. ఇన్నేళ్ళలో ఇద్దరిలో ఎవరూ తప్పలేదు.

ముందు యూట్, వెనక సెవెన్ సీటర్. దారంతా బండి బుద్ధిగానే నడిచింది. భానుప్రసాద్ ఈల వేస్తూ నడిపాడు. బానీ డూన్ వంతెన దాటి ఒక చోట రోడ్డు పనుల దగ్గర నెమ్మదిగా పోతున్నప్పుడు మొదటిసారి వినబడింది, ఎడమ పక్క నుంచి, గల్ గల్ మని.

"ఏంటండీ ఆ చప్పుడు?" అంది ఉదయలక్ష్మి.

"మూతలో గులకరాయి దూరినట్టుంది."

"ఆగి చూడకూడదూ?"

భానుప్రసాద్ అద్దంలోకి చూశాడు. వెనక హేమచంద్ర కారు నిగనిగలాడుతూ వస్తోంది. ఇప్పుడు ఆగితే వాడు దిగుతాడు. దిగి, నడుం మీద చేతులేసుకుని, "ఏరా, తాతగారికి ఆయాసమా?" అంటాడు. వాడి భార్య హరిప్రియ నవ్వుతుంది. ఫోటో తీసి స్నేహితుల గ్రూపులో పెడతాడు. వద్దులే అనుకున్నాడు. వేగం పెంచితే చప్పుడు ఆగిపోయింది కూడాను. అయినా పాట సౌండు కాస్త పెంచాడు.

మాన్స్‌ఫీల్డ్‌లో స్కీలు, బూట్లు అద్దెకిచ్చే షాపు ముందు మళ్ళీ గలగలమంటూనే ఆగింది బండి. పార్కింగ్ ముందుగా దొరికి అప్పటికే కారు దిగి నిలబడ్డ సంహిత చప్పట్లు కొట్టింది. ఆ పిల్ల పాయింట్ కుక్‌లో కూచిపూడి నేర్చుకుంటోంది. తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి ఇంగ్లిషే వస్తుంది. "అంకుల్! యువర్ ట్రక్ ఈజ్ వేరింగ్ గజ్జెలు!" అంది.

అందరూ నవ్వారు. భానుప్రసాద్ అందరికంటే గట్టిగా నవ్వి, "అవునమ్మా, మా బండి డాన్సర్" అన్నాడు.

"డాడ్, కెన్ ఐ గో ఇన్ ద గజ్జెల ట్రక్? ప్లీజ్!"

హేమచంద్ర బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. బానెట్ మీద చెయ్యేసి నిమిరాడు. "నిజం చెప్పనా, ఇంతదూరం వస్తదనుకోలేదురా. తాళం ఇటియ్యి, కొండ నేను ఎక్కిస్తా. నువ్వు నా కారు తీసుకో. బాగుందనిపిస్తే అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటా."

నెల రోజులుగా బండి కింద వెల్లకిలా పడుకుని భానుప్రసాద్ కలలు కన్న మాట అది. తాళం తీసి ఇచ్చేటప్పుడు చూపు ఒక్కసారి ఎడమ చక్రం మీదికి పోయింది. వంగి ఆ మూత ఊడదీస్తే అయిపోయేది. వంగలేదు. ఇంత మంచి మాట అన్నాక వాడి ముందు బండి కింద కూర్చోవడమేంటి అనుకున్నాడు. ఛీ, మనిషి బుద్ధి!

ఉదయలక్ష్మి సంహితకి తోడుగా యూట్ వెనక సీట్లో కూర్చుంది. సెవెన్ సీటర్‌లో భానుప్రసాద్ పక్కన హరిప్రియ కూర్చుంది. రెండు బళ్ళూ కొండ మొదలు దాటి మెలికల రోడ్డు ఎక్కసాగాయి. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క లోయ. యూకలిప్టస్ కొమ్మల మీద మంచు పేరుకుని ఉంది.

"అన్నయ్యగారూ, పొద్దున ఏదో పరస్థానం అంట, ఉదయ చెప్పి ఒకటే నవ్వు. ఏంటది?" అంది హరిప్రియ.

"మా అత్తగారి పిచ్చి లెండి. తొమ్మిదిలోపు బండి గుమ్మం దాటాలన్నారు. నేనేమో అప్పుడే చక్రం ఎక్కించి, జాకీ దించి, నట్లు బిగి..."

మాట అక్కడే ఆగిపోయింది. నట్లు పట్టించడం గుర్తుంది. జాకీ దించడం గుర్తుంది. తర్వాత నిమ్మకాయలు గుర్తున్నాయి. మధ్యలో 'టక్' మన్న చప్పుడు కోసం చెవులు రిక్కించి వెతుక్కున్నాడు. అది లేదు. టార్క్ రెంచి గరాజ్ నేల మీద పడి ఉండటం మాత్రం కళ్ళకి కట్టినట్టు కనబడింది.

"బిగించలేదు" అన్నాడు పైకే.

"ఏంటి?"

"నట్లు. బిగించలేదు హరిప్రియగారూ. అది రాయి కాదు."

రోడ్డు ఎడమకి మెలి తిరిగింది. ముందు పోతున్న యూట్ ఎడమ పక్క పూర్తిగా కనబడింది. ముందు చక్రం తిన్నగా తిరగడం లేదు. తాగినవాడి తలలా ఊగుతోంది.

హరిప్రియకి అర్థమైంది. "మా పాప అందులో ఉంది" అంది. అరవలేదు. ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు.

భానుప్రసాద్ హారన్ మీద చెయ్యేశాడు. లైట్లు వెలిగించి ఆర్పాడు. అవతల హేమచంద్ర కిటికీలోంచి బొటనవేలు చూపించి వేగం పెంచాడు. కుర్రతనంలో వెనక నుంచి హారన్ కొడితే పందేనికి పిలుపన్నమాట. వీడు కొట్టేకొద్దీ వాడు పోతున్నాడు. రెండో మెలికలో యూట్ వెనక భాగం కాస్త పక్కకి జారింది.

"ఆపండి! హారన్ ఆపండి అన్నయ్యగారూ! ఆయన పందెం అనుకుంటున్నారు!"

చెయ్యి తీసేశాడు. దాటి ముందుకెళ్ళడానికి చోటు లేదు, ఎదురుగా బస్సులు దిగుతున్నాయి. ఎంత ఆలోచించినా ఒక్కటే దారి కనబడింది. రోడ్డు పక్కన కాస్త వెడల్పున్న చోట కారు ఆపేశాడు.

"ఏం చేస్తున్నారు? వెనకాల పోండి!"

"మనం కనపడకపోతే ఆగుతాడు" అన్నాడు. "అద్దం చూస్తే ఆగుతాడమ్మా. పాత రూలు."

"చూడకపోతే?"

యూట్ మలుపు తిరిగి మాయమైంది. హరిప్రియ రెండు చేతులూ మొహం మీద పెట్టుకుంది. భానుప్రసాద్ స్టీరింగ్ పట్టుకుని, ఇన్నేళ్ళలో ఎన్నడూ తలవని దేవుళ్ళందరినీ తలిచాడు. వాళ్ళకంటే ఎక్కువ హేమచంద్రనే తలిచాడు. ఒరేయ్, అద్దం చూడరా. ఒక్కసారి చూడరా. మంచు తుంపర అద్దం మీద పడుతోంది, వైపర్ వేయాలన్న ధ్యాస కూడా లేదు. పై నుంచి ఏదో పెద్ద చప్పుడు వస్తుందేమోనని ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు.

ఇక ఉండలేక కారు కదిలించాడు. ఒక మలుపు, లేరు. రెండో మలుపు, లేరు. మూడో మలుపులో, మంచులో జారకుండా చక్రాలకి గొలుసులు తొడగడానికి బళ్ళు ఆపుకునే చోట, యూట్ లైట్లు మిణుకు మిణుకుమంటూ కనబడ్డాయి. హేమచంద్ర రోడ్డు అంచు పట్టుకుని కిందికి పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. తలకి టోపీ లేదు, మొహం పాలిపోయి ఉంది.

"ఏమైందిరా? అద్దంలో లేవు! ఏమైంది మీకు?"

భానుప్రసాద్ దిగి వాణ్ణి అలాగే పట్టుకున్నాడు. హరిప్రియ వాళ్ళిద్దరినీ దాటుకుని పైకి పరిగెత్తింది. కాసేపటికి అందరూ యూట్ దగ్గర చేరాక భానుప్రసాద్ చెప్పాడు, పొద్దున తొందరలో ఆ చక్రం నట్లు బిగించడం మర్చిపోయానని, అది దారిలో గుర్తొచ్చే కారాపేశానని. హేమచంద్ర వంగి మూత ఊడబెరికాడు. లోపల వదులై రాలిన నట్లు మంచులో పడ్డాయి. ఆరు నట్లలో రెండే బోల్టులకి మిగిలాయి, అవి కూడా వేలితో తిప్పితే తిరుగుతున్నాయి.

హేమచంద్ర లేచి, భానుప్రసాద్ భుజం మీద చెయ్యేశాడు.

"పోనీలేరా. మనిషన్నాక మర్చిపోడా? గుర్తురాగానే ఆపావు. హారన్‌కి ఆగలేదు, గాడిదని నేను. కారాపి అద్దంలో కనపడకుండా ఉండాలని నీకు తట్టింది చూడు, దానికి దణ్ణం పెట్టాలి."

భానుప్రసాద్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గండం గడిచింది, స్నేహమూ నిలిచింది. హరిప్రియ ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. పులిహోర డబ్బా ఎక్కడుందని ఎవరో అడిగారు.

అప్పుడు సంహిత మంచులోంచి నట్లు ఏరుకుని, రెండు దోసిళ్ళ మధ్య పెట్టి ఊపింది. గల్ గల్ మన్నాయి.

"డాడ్, లిజన్! సేమ్ సౌండ్! గజ్జెలు! ఐ టోల్డ్ అంకుల్!"

హేమచంద్ర మొహంలో నవ్వు మెల్లగా దిగిపోయింది. భానుప్రసాద్ వైపు తిరిగాడు.

"నీకూ వినబడిందిగా అప్పుడు?"

"వినబడింది."

"అప్పుడేనా? అంతకుముందు?"

"బానీ డూన్ దాటినప్పటి నుంచీ. రాయనుకున్నా."

"అనుకుంటే దిగి చూడొచ్చుగా. నాకు తాళం ఇచ్చేటప్పుడైనా చూడొచ్చుగా. ఎందుకు చూళ్ళేదురా?"

అబద్ధం చెప్పడానికి ఏమీ దొరక్క కాదు. ఆ మొహం చూసి చెప్పలేకపోయాడు.

"నువ్వు నవ్వుతావని."

"నవ్వుతానని" అన్నాడు హేమచంద్ర. తిట్టలేదు. తిడితే బావుండేది. కూతురి దోసిట్లోంచి నట్లు తీసి భానుప్రసాద్ అరచేతిలో పోశాడు. "అద్దంలో నువ్వు కనబడకపోయేసరికి నా గుండె ఆగిపోయిందిరా. లోయలో పడ్డావనుకున్నా." అంతే అని, పిల్ల జాకెట్ జిప్పు మెడదాకా లాగి, ఎత్తుకుని కారు వైపు నడిచాడు. ఎత్తుకోవాల్సిన వయసు కాదు ఆ పిల్లది.

బండి లాక్కుపోయే ట్రక్కుకి ఫోన్ చెయ్యాలి, అది వచ్చేదాకా ఎవరో ఒకరు ఇక్కడే ఉండాలి. ఎవరుండాలో ఎవరూ అడగలేదు. పక్కనున్న గుట్ట ఎక్కితే కాస్త సిగ్నల్ దొరికింది, భానుప్రసాద్ ఫోన్ చేశాడు. చేసి వెనక్కి తిరిగితే ఉదయలక్ష్మి నిలబడి ఉంది.

"అందరూ పాప, పాప అంటున్నారు" అంది. "నేను కూడా అందులోనే కూచున్నానండీ."

"ఉదయా..."

"చప్పుడేంటని అడిగాను కూడా. ఆగి చూడమన్నాను. ఆయన నవ్వుతాడని చూళ్ళేదా మీరు? అంతేనా నేను?"

సమాధానం కోసం ఆగలేదు. వెళ్ళి కారులో, వెనక సీట్లో, సంహిత పక్కన కూర్చుంది. కారు బయల్దేరింది. ఆమె తల తిప్పలేదు. హేమచంద్ర అద్దంలోకి చూశాడో లేదో ఇక్కణ్ణుంచి తెలియలేదు. మలుపు తిరిగి కనబడకుండా పోయింది. భానుప్రసాద్ ఆ మలుపు వంక చూస్తూ కాసేపు నిలబడ్డాడు. కారు ఆగిన చప్పుడేమీ వినబడలేదు.

జేబులో ఫోన్ మోగింది. మంగతాయారు.

"బాబూ, అమ్మాయికి చేస్తే తగలట్లేదు. చేరారా కొండ మీదికి?"

"వాళ్ళు ముందు కార్లో వెళ్ళారు అత్తయ్యగారూ. నాకు బండి కాస్త ఇబ్బంది పెట్టింది. చక్రం వదులైంది. ఎవరికీ ఏం కాలేదు."

"అయ్యో, అయ్యో!" అని, ఊపిరి పీల్చుకుని, "చూశారా మరి? మీరు విసుక్కున్నారు గానీ, పరస్థానం చేయించబట్టే ఇంతతో పోయింది. లేకపోతే ఏమయ్యేదో" అంది ఆవిడ.

నట్ల సంగతి గుర్తొచ్చినప్పటి నుంచీ ఆవిడ నోరే దీనంతటికీ మూలమని లోలోపల తిట్టుకుంటూనే ఉన్నాడు. ఆ మాట ఇప్పుడు అనొచ్చు, అంటే ఆవిడ నమ్ముతుంది, ఏడుస్తుంది కూడా. నట్లు పిడికిట్లో చల్లగా ఉన్నాయి.

"అవునత్తయ్యగారూ" అన్నాడు భానుప్రసాద్. "మీరు చెయ్యాల్సింది చేశారు."

అని, ఫోన్ పెట్టేసి, మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, నట్లు ఒక్కొక్కటే చక్రానికి పట్టించడం మొదలుపెట్టాడు.